15.40 దగ్గర ఆగిపోయిన మొత్తం

డిగ్రీలో గణితం పూర్తి కావాలంటే ఎన్ని పేపర్లు రాయాలో, ఎన్ని క్రెడిట్లు తెచ్చుకోవాలో విశ్వవిద్యాలయం చెబుతుంది. మూడో సెమిస్టర్‌లో పిల్లలకు అడ్డొచ్చే వాగు సంగతి మాత్రం ఏ నిబంధనల పుస్తకంలోనూ ఉండదు.

"మేడం, ఆగిపోయింది."

క్లాసులో అడుగుపెడుతూనే ఒక అబ్బాయి అన్న మాట అది. బి.ఎస్సీ. రెండో సంవత్సరం, మ్యాథ్స్-ఫిజిక్స్-కంప్యూటర్స్ గ్రూపు. ముందురోజు బోర్డు మీద ఒక శ్రేణి రాసి వదిలేశాను. ఒకటి ఉంది. దానికి అర కలపాలి, మూడో వంతు కలపాలి, తర్వాత నాలుగో వంతు, ఐదో వంతు... ఇలా కలుపుతూ పోతే మొత్తం ఏదో ఒక సంఖ్య దగ్గర నిలబడుతుందా, అంతూపొంతూ లేకుండా పెరుగుతూనే ఉంటుందా? ఇంటికెళ్లి ఆలోచించుకుని రండి అన్నాను. వాడు ఇంటికి వెళ్లలేదు. కంప్యూటర్ ల్యాబ్‌కు వెళ్లాడు. సీ భాషలో చిన్న ప్రోగ్రాం రాసి నడిపించాడు. మొత్తం పది దాటింది, పదిహేను దాటింది, 15.40 దగ్గరికి వచ్చింది. ఇక కదల్లేదు. దాదాపు 21 లక్షల పదాలు కలిపాక, ఆపైన ఇంకెన్ని కలిపినా అంకె మారలేదు. తెర మీద కనిపించినదాన్ని ఫోన్‌లో ఫొటో తీసి తెచ్చాడు. క్లాసంతా ఆ ఫోను చేతులు మారింది. కళ్లెదుట కనబడుతుంటే ఇంకా అనుమానం ఏముంటుంది?

నేను చాక్‌పీస్ తీసుకున్నాను.

"మూడో వంతు, నాలుగో వంతు కంటే పెద్దదే కదా? అంటే ఈ రెండూ కలిస్తే రెండు నాలుగో వంతుల కంటే ఎక్కువే. అంటే అర కంటే ఎక్కువ. తర్వాతి నాలుగు పదాలు చూడండి, ఐదో వంతు నుంచి ఎనిమిదో వంతు దాకా. వీటిలో అన్నిటికన్నా చిన్నది ఎనిమిదో వంతు. నాలుగు ఎనిమిదో వంతులంటే మళ్లీ అర. ఆ తర్వాతి ఎనిమిది పదాలు పట్టుకోండి, అక్కడా అర దాటుతుంది. ఆ తర్వాతి పదహారులోనూ అంతే. మన దగ్గర పదాలకు కరువు లేదు, కాబట్టి ఎన్ని అరలు కావాలంటే అన్ని అరలు దొరుకుతాయి. ఇప్పుడు చెప్పండి, ఎక్కడ ఆగుతుంది?"

ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి వాడే అడిగాడు. "అయితే కంప్యూటర్ అబద్ధం చెప్పిందా మేడం?" దాని సంగతి ఆరో సెమిస్టర్‌లో తేలుద్దామని మాటిచ్చాను.

మూడో బెంచీలో కూర్చునే అమ్మాయి ఇంకోటి అడిగింది. నేను రాసిన ప్రతి అక్షరాన్నీ నోట్సులోకి ఎక్కించుకునే పిల్ల. "ఇంతకీ జవాబు ఎంత మేడం?"

"ఎంతా కాదమ్మా. ఆగదని రుజువు చేశాం. అదే జవాబు."

రాసుకుంది. కానీ ఆ ముఖంలో తృప్తి లేదు. పన్నెండేళ్లుగా లెక్క అంటే చివర్లో గీత గీసి, గీత కింద ఒక అంకె రాసి, దాని చుట్టూ గడి కట్టడమే తెలిసిన పిల్లకు, గడిలో పెట్టడానికి ఏమీ లేని లెక్క అదే మొదటిది.

పద్నాలుగో శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన నికోల్ ఒరెమ్ ఇచ్చిన రుజువు ఇది. దీనికి కావలసిన సరంజామా ఏమిటి? భిన్నాలు కలపడం, ఏది పెద్దదో ఏది చిన్నదో తెలియడం, అంతే. ఏడో తరగతి పిల్లలకూ అర్థమవుతుంది. అయినా ఇంటర్‌లో తొంభై అయిదు శాతం తెచ్చుకున్న పిల్లలు దీని ముందు తెల్లబోయి నిలబడతారు. ఇరవై ఏడేళ్లుగా డిగ్రీ కళాశాలల్లో గణితం చెబుతున్నాను. ఏటా ఇదే చూస్తున్నాను. గణితంలో డిగ్రీ పూర్తి కావడానికి ఏమేం కావాలని ఎవరడిగినా నాకు ముందు గుర్తొచ్చేది క్రెడిట్ల పట్టిక కాదు, ఆ తెల్లబోయిన ముఖాలే.

కాగితం మీద కావలసినవి

అయినా ముందు పట్టిక సంగతే చెప్పుకోవాలి. జూన్ వస్తే తల్లిదండ్రులు అడిగేది అదే.

మన దగ్గర చాలాకాలం 'మేజర్' అనే మాటే లేదు. ఎం.పి.సి. గ్రూపు అంటే గణితం, భౌతికం, రసాయనం మూడూ సమానమే. మూడేళ్లూ మూడింటినీ మోయాలి. మా తరం చదివిన వార్షిక పద్ధతిలో మొదటి ఏడాది అవకలన సమీకరణాలు, ఘన జ్యామితి. రెండో ఏడాది అమూర్త బీజగణితం, వాస్తవ విశ్లేషణ. మూడో ఏడాది ఏకఘాత బీజగణితం, సదిశా కలనం, వాటికి తోడు ఒక ఐచ్ఛిక పేపరు. వి. వెంకటేశ్వరరావు, ఎన్. కృష్ణమూర్తి తదితరులు రాసిన ఎస్. చాంద్ వారి లావుపాటి పుస్తకాలు మా చేతుల్లో ఉండేవి. అవి ఇప్పటికీ ప్రతి డిగ్రీ కళాశాల గ్రంథాలయంలో అట్టలు ఊడిపోయి, మళ్లీ కుట్టించుకుని కనబడతాయి.

తెలంగాణలో 2016-17 నుంచి సెమిస్టర్లు, క్రెడిట్లు వచ్చాయి. 'దోస్త్' ద్వారా ఆన్‌లైన్ ప్రవేశాలూ ఆ ఏడే మొదలయ్యాయి. 2019-20 సిలబస్ ప్రకారం సెమిస్టర్‌కు ఒక గణితం పేపరు. మొదటి సెమిస్టర్‌లో కలన గణితం, రెండులో అవకలన సమీకరణాలు, మూడులో వాస్తవ విశ్లేషణ, నాలుగులో బీజగణితం, ఐదులో ఏకఘాత బీజగణితం. ఆరో సెమిస్టర్‌లో సంఖ్యాత్మక విశ్లేషణ, సమాకలన పరివర్తనలు, ఘన జ్యామితి ఇచ్చి వీటిలో ఒకటి ఎంచుకోమన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది. ఆ పద్ధతిలో విద్యార్థి గణితాన్ని మేజర్‌గా పెట్టుకుంటే ఎక్కువ పేపర్లు గణితంలోనే రాస్తాడు, పక్కన ఒక మైనర్ తీసుకుంటాడు. మొదటి సెమిస్టర్‌లో గణిత, భౌతిక, రసాయన శాస్త్రాలన్నిటినీ కలిపి పరిచయం చేసే పేపర్లు పెట్టి, అసలు గణితాన్ని రెండో సెమిస్టర్ నుంచి మొదలుపెట్టారు. ఇవేవీ రాతి మీద గీతలు కావు, మారుతూనే ఉంటాయి. అందుకే చేరేవాళ్లు నిరుడు పాసైన అన్నయ్యను అడిగి ఊరుకోకుండా ఆ ఏడాది ఉత్తర్వులు, సిలబస్ చూసుకోవాలి.

వీటన్నిటి మీదా గొడుగులా యు.జి.సి. 2022 డిసెంబరులో ప్రకటించిన చట్రం ఉంది. మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవారు నాలుగో ఏడు పరిశోధనతో కూడిన ఆనర్స్ చేయవచ్చు. సెమిస్టర్‌లో పదిహేను గంటల పాఠం వింటే ఒక క్రెడిట్. ప్రాక్టికల్స్‌కైతే ముప్పై గంటలకు ఒకటి. దీనికి తోడు 75 శాతం హాజరు ఉండాలి, ఇంటర్నల్స్ రాయాలి, బ్యాక్‌లాగ్‌లు తేల్చుకోవాలి.

ఈ లెక్కల్లో నాకు బాగా నచ్చే మాట ఒకటుంది. పదిహేను గంటలకు ఒక క్రెడిట్ అన్నది. ఎందుకంటే గణితంలో ఒక్క సిద్ధాంతం మనసులో కుదురుకోవడానికి ఒక్కోసారి పదిహేను గంటలూ పడుతుంది. ఆ గంటల్ని నిజంగా ఇచ్చే కళాశాలలున్నాయి. ఫిబ్రవరిలో సిలబస్ మొదలుపెట్టి మార్చిలో ముగించేవీ ఉన్నాయి. మార్కుల మెమోలో రెండింటి క్రెడిట్లూ ఒకేలా పడతాయి.

నిమిషంలో లెక్క, గంటలో రుజువు

మన ఎంసెట్‌నే తీసుకోండి, పేరు మారి ఇప్పుడు ఎప్‌సెట్ అయింది. మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 గణితమే. ఒక్కో ప్రశ్నకు నిమిషం పైన ఏడెనిమిది సెకన్లు. ఆ వేగం కోసం రెండేళ్లు పొద్దున ఆరింటి నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా పిల్లల్ని తోముతారు. షార్ట్‌కట్‌లు నేర్పుతారు. ఆప్షన్లు వెనక్కి వేసి చూసుకోమంటారు. 'ఎన్' స్థానంలో ఒకటి పెట్టి, రెండు పెట్టి, ఏ ఆప్షన్ సరిపోతే దాన్నే గుర్తించమంటారు. ఇందులో తెలివి లేదని నేననను. చాలా చురుకైన తెలివే ఉంది. కానీ ఒకటికీ రెండుకీ సరిపోయింది కనుక అన్నిటికీ సరిపోతుందని నమ్మడం ఆ పిల్లవాడికి రెండేళ్లలో అలవాటైపోతుంది. మూడో సెమిస్టర్ మొదటి వారంలో నేను ఆ అలవాటు తప్పని చెప్పాల్సి వస్తుంది.

వాస్తవ విశ్లేషణలో మొదటి పేజీలోనే అవధి నిర్వచనం వస్తుంది. ఇంటర్‌లో అవధి అంటే విలువ ప్రతిక్షేపించడం, కుదరకపోతే సూత్రం వాడటం. ఇక్కడ అలా కాదు. నువ్వు ఎంత చిన్న ఎప్సిలాన్ ఇచ్చినా, నేను దానికి తగిన డెల్టా చూపించాలి. నేనిది పిల్లలకు పందెంలా చెబుతాను. ఎదుటివాడు మొండివాడు, రోజుకో చిన్న ఎప్సిలాన్‌తో వస్తాడు. ఒక్కసారి గెలిస్తే చాలదు, వాడు ఎప్పుడొచ్చినా గెలవగలనని ముందే చూపించాలి. 'ప్రతి', 'ఏదో ఒకటి' అనే రెండు మాటల వరుస మారిందంటే అర్థమంతా తలకిందులవుతుంది. ప్రతి ఊళ్లోనూ ఒక బావి ఉంది అంటే ఊరికొక బావి. ఒక బావి ప్రతి ఊళ్లోనూ ఉంది అంటే? ఆ మాట విని పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వులోనే సగం పాఠం అయిపోతుంది. మిగిలిన సగానికి ఆర్నెల్లు పడుతుంది.

నాలుగో సెమిస్టర్‌లో సమూహాలు వస్తాయి. ఇక్కడ సంఖ్యలే పక్కకు పోతాయి. ఒక చతురస్రాన్ని తిప్పడం, బోర్లించడం, ముక్కల వరుస మార్చడం లాంటి పనులనే సంఖ్యల్లా తీసుకుని, ఒకదాని తర్వాత ఒకటి చేయడాన్ని గుణకారంలా చూస్తాం. ఐదో ఘాత సమీకరణానికి సాధారణ సూత్రం ఎందుకు లేదో తేల్చే దారిలో పుట్టిన ఆలోచన ఇది. ఇరవై ఆరేళ్లకే క్షయతో పోయిన ఏబెల్, 1832లో ద్వంద్వ యుద్ధంలో గాయపడి ఇరవై ఏళ్లకే కన్నుమూసిన గాల్వా ఆ దారి వేశారు. ఆ కథ చెప్పినప్పుడు వెనక బెంచీలు కూడా కిక్కురుమనవు. మా విద్యార్థుల వయసూ ఇరవయ్యే కదా.

సమస్యల్లా ఒక్కటే. కలన గణితం నుంచి, అంటే సూత్రాలు వాడే లెక్కల నుంచి, ఈ రుజువుల లోకంలోకి దాటడానికి మనం వంతెన కట్టలేదు. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు గణితం మేజర్ తీసుకున్న విద్యార్థికి మధ్యలో ఒక ప్రత్యేక కోర్సు పెడతాయి. అందులో కొత్త గణితం తక్కువ. 'అయితే', 'అప్పుడు మాత్రమే' అన్న మాటలకు తేడా ఏమిటి, ఒక వాక్యాన్ని కాదనాలంటే ఎలా అనాలి, ఒక్క ప్రతికూల ఉదాహరణతో ఒక నమ్మకం ఎలా కూలిపోతుంది, గణితానుగమనం ఎందుకు పనిచేస్తుంది, రుజువును వాక్యాల్లో ఎలా రాయాలి... ఇవే పాఠాలు. అది దాటాకే విశ్లేషణ, బీజగణితం. మన సిలబస్‌లలో మూడో సెమిస్టర్ గుమ్మం దాకా సూత్రాలు, గుమ్మం దాటగానే రుజువులు. దాటలేని పిల్లలు ఏం చేస్తారు? పద్యం బట్టీ పట్టినట్టు రుజువు బట్టీ పడతారు. బోల్జానో-వైర్‌స్ట్రాస్ సిద్ధాంతాన్ని కామాతో సహా అప్పజెప్పి, మధ్యలో ఒక్క లైను మరిచిపోతే మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టే విద్యార్థుల్ని నేను వైవా టేబుల్ ముందు చూశాను. 'ఈ లైను ఎందుకొచ్చిందమ్మా' అంటే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఆ కన్నీళ్లకు బాధ్యత వాళ్లది కాదు. అది మా అధ్యాపకులది, మా సిలబస్ కమిటీలది.

ఈ వంతెన కట్టిన మనిషి మన మధ్యే ఉన్నారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసిన ఎస్. కుమరేశన్ 1993లో ఎం.టి.టి.ఎస్. పేరుతో వేసవి శిక్షణ మొదలుపెట్టారు. దేశంలోని మామూలు కళాశాలల్లో చదివే డిగ్రీ, పీజీ పిల్లల్ని తీసుకెళ్లి నాలుగు వారాలు కూర్చోబెడతారు. సిలబస్ పూర్తి చేయాలన్న తొందర అక్కడ ఉండదు. అధ్యాపకుడు ప్రశ్న వేస్తాడు, పిల్లలు బోర్డు దగ్గరికి వస్తారు, తప్పు చేస్తారు, ఎందుకు తప్పో వాళ్లే వెతుక్కుంటారు. మా కళాశాల నుంచి ఒకసారి ఒక్క అబ్బాయి ఎంపికయ్యాడు. వెళ్లేటప్పుడు ఏదడిగినా తల వంచుకునే పిల్లవాడు. వచ్చాక నా క్లాసులో చెయ్యెత్తి, "మేడం, ఇక్కడ సమితి శూన్యం కాదని మనం చూడలేదు" అన్నాడు. నిజమే, చూడలేదు. చెరిపి మళ్లీ రాశాను. ఆ రోజంతా నాకు కాళ్లు నేల మీద ఆనలేదు.

మాట తెలిస్తే సగం తెలిసినట్టు

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ చదువంతా ఇంగ్లిష్ మాధ్యమంలోకి మారింది. తెలంగాణలోనూ తెలుగు మాధ్యమం సెక్షన్లు ఏటికేడు పలచబడుతున్నాయి. ఉద్యోగాల కోసం, పై చదువుల కోసం ఇంగ్లిష్ కావాలి. దాంతో నాకు పేచీ లేదు. నా బాధ వేరే. రుజువు అంటే వాదన. మనిషి వాదించేది తనకు బాగా వచ్చిన భాషలో. 'లెట్', 'సపోజ్', 'దేర్‌ఫోర్' అని గబగబా రాసే పిల్లలను పక్కకు పిలిచి, ఇదే విషయం మీ అమ్మకు చెప్పినట్టు చెప్పమంటే అప్పుడు తెలుస్తుంది అర్థమైందో లేదో. చాలాసార్లు అప్పుడే అర్థమవుతుంది కూడా.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ వేసిన గణిత పుస్తకాలు నా బీరువాలో ఇప్పటికీ ఉన్నాయి. ఆ పారిభాషిక పదాలు బరువని చాలామంది విసుక్కుంటారు. కానీ 'కంటిన్యుటీ' అన్న మాట పిల్లలకు ఏమీ చెప్పదు. 'అవిచ్ఛిన్నత' అని రాసి, విడదీసి చూపిస్తే విచ్ఛిన్నం కానిది, తెగనిది అని వాళ్లే అంటారు. శ్రేణి ఒక విలువకు చేరువైతే 'అభిసరణ', దూరంగా పోతే 'అపసరణ'. అభి అంటే వైపుగా, అప అంటే దూరంగా. పేరులోనే దిక్కు ఉంది. పరీక్ష ఇంగ్లిష్‌లోనే రాయనివ్వండి, క్లాసులో మాత్రం ఈ మాటలు బోర్డు మీద ఉండాలి. మహావీరాచార్యుడి గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన పద్యాల్లో తెనిగించిన భాష ఇది. గణితం దీనికి కొత్త కాదు.

పట్టా లేనివాడు పారిపోయి వచ్చిన ఊరు

డిగ్రీ నిబంధనల గురించి మాట్లాడేటప్పుడు రామానుజన్ గుర్తుకు రాక మానడు. ఏటా డిసెంబరు 22న గణిత దినోత్సవానికి ఆయన ఫొటోకు దండ వేస్తాం, ప్రతిభ గురించి ఉపన్యాసాలు చెబుతాం. కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో ఆయన చదువు ఎలా తప్పిందో మాత్రం పిల్లలకు చెప్పం. 1904లో స్కాలర్‌షిప్‌తో చేరాడు. గణితం తప్ప మిగతావేవీ పట్టించుకోలేదు. ఆ సబ్జెక్టుల్లో తప్పి స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నాడు. 1905లో ఇంట్లో చెప్పకుండా పారిపోయి వచ్చింది మన విశాఖపట్నానికే. తర్వాత మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో చేరినా ఎఫ్.ఎ. గట్టెక్కలేదు. చివరికి ఆయనకు పట్టా ఇచ్చింది కేంబ్రిడ్జి. 1916 మార్చిలో, పరిశోధన ఆధారంగా బి.ఎ. ఇచ్చింది.

ఈ కథ చెప్పి, పరీక్షలు అనవసరం అనే మాట పిల్లల చెవిన వేయడం నాకు ఇష్టం లేదు. రామానుజన్ కడుపుమాడ్చుకుని తిరిగిన ఆ ఏళ్లు ఎవరికీ ఆదర్శం కాదు. నేను దీన్ని నిబంధనలు రాసేవాళ్ల కోసం చెబుతాను. ఒక పిల్లవాడికి ఒక సబ్జెక్టులో అసాధారణమైన ఆకలి ఉంటే దాన్ని గుర్తించే దారి నిబంధనల్లో ఒకటైనా ఉండాలి. నాలుగో ఏడాది పరిశోధనా ఆనర్స్ అలాంటి దారి కాగలదు. దానికి కళాశాలలో దారి చూపే అధ్యాపకుడు ఉండాలి. ఇద్దరు రెగ్యులర్ అధ్యాపకులు, నలుగురు గెస్టులతో నడిచే గణిత విభాగంలో ఆ అధ్యాపకుడు ఎక్కడి నుంచి వస్తాడు?

సరైన చోట పడితే మన పిల్లలు ఎంత దూరం వెళ్తారో చెప్పడానికి సి.ఆర్. రావు చాలు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఎ. చేసి, 1941లో కలకత్తా వెళ్లి భారత గణాంక సంస్థలో చేరారు. గణాంకశాస్త్రంలో ఇరవయ్యో శతాబ్దపు పెద్దల్లో ఒకరయ్యారు. 2023లో, నూట రెండేళ్ల వయసులో, అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకున్నారు. వాల్తేరులోని ఆ విశ్వకళాపరిషత్తులోనే ఎస్. మీనాక్షిసుందరం లాంటివారు పాఠం చెప్పారు. మీనాక్షిసుందరం పేరు మీదున్న ఫలితాలను ప్రపంచం ఇప్పటికీ వాడుకుంటోంది.

రికార్డు పుస్తకాల కట్ట

గణితానికి ప్రాక్టికల్సా అని చాలామంది ఆశ్చర్యపోతారు. ఉన్నాయి. తెలంగాణ 2019-20 సిలబస్‌లో పేపరుకు ఉన్న ఐదు క్రెడిట్లలో ఒకటి ప్రాక్టికల్‌కే. వారానికి రెండు గంటలు పిల్లల్ని కూర్చోబెట్టి, ఇచ్చిన సమస్యలను సొంతంగా చేయించాలన్నది దాని వెనకున్న ఆలోచన. పాఠంలో విన్నదాన్ని చేతికి తెచ్చుకునే సమయం అది. నిజంగా జరిగితే ఆ ఒక్క క్రెడిటే మిగతా నాలుగింటి కంటే విలువైనది.

నేను ఎక్స్‌టర్నల్‌గా వెళ్లిన ఒక కళాశాలలో టేబుల్ మీద అరవై రికార్డు పుస్తకాలు పెట్టారు. వరుసగా తిరగేశాను. పన్నెండో పుస్తకంలో ఒక మాత్రికలో మైనస్ గుర్తు పోయింది. పదమూడులోనూ అదే చోట పోయింది. అరవయ్యో పుస్తకం దాకా ఆ గుర్తు లేదు. సీనియర్ల నుంచి వచ్చిన ఒక్క పుస్తకాన్ని క్లాసంతా ఎక్కించారు. అన్ని పుస్తకాల్లోనూ చేతిరాత ముత్యాల్లా ఉంది, మార్జిన్లు ఎర్ర ఇంకుతో గీశారు. అంత ఓపిక ఉన్న పిల్లలకు, అందులో పదో వంతు సమయం ఒక సమస్యతో ఒంటరిగా కుస్తీ పట్టే అవకాశం ఇచ్చి ఉంటే ఏమయ్యేదోనని బస్సులో వస్తూ దారంతా అనుకున్నాను.

ఇంటర్న్‌షిప్‌లదీ ఇదే దారి. ఆంధ్రప్రదేశ్ దాన్ని డిగ్రీలో భాగం చేసింది, మంచిదే. కెమిస్ట్రీ విద్యార్థికి మందుల కంపెనీ ఉంది. గణితం విద్యార్థిని ఎక్కడికి పంపాలి? డేటా ఎంట్రీకి పంపి సర్టిఫికెట్ తెప్పించుకోవడం సులువు. దగ్గర్లోని హైస్కూల్లో ఎనిమిదో తరగతికి భిన్నాలు చెప్పమని రెండు నెలలు పంపితే ఆ పిల్లలకూ మేలు, వీళ్లకూ మేలు.

తర్వాత ఏమిటి

చివరికి ఇంటి దగ్గర అడిగే ప్రశ్న ఇదే. చాలామందికి దారి బి.ఎడ్., టెట్, డీఎస్సీ. మన హైస్కూళ్లలో లెక్కల టీచర్లుగా ఉన్నవాళ్లంతా ఈ డిగ్రీ బెంచీల మీద నుంచి వచ్చినవాళ్లే. అందుకే మూడో సెమిస్టర్‌లో బట్టీ పట్టిన రుజువు అక్కడితో పోదు, పదేళ్ల తర్వాత ఒక పల్లెటూరి తొమ్మిదో తరగతిలో మళ్లీ బట్టీగానే బయటికొస్తుంది. ఎం.ఎస్సీ. చేయాలనుకునేవాళ్లకు రాష్ట్ర ప్రవేశ పరీక్షలున్నాయి. ఐఐటీల్లో చదవాలంటే జామ్ రాయాలి. ఆ ప్రశ్నపత్రం బట్టీ ఎక్కడుందో ఇట్టే పట్టేస్తుంది. ఇంటర్‌లో బోర్డు మొత్తంలో తొలి ఒక శాతంలో నిలిచి, డిగ్రీలో మౌలిక శాస్త్రాలు తీసుకున్నవారికి కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ పథకం కింద ఏడాదికి 80 వేల రూపాయల స్కాలర్‌షిప్ ఉంది. ఇంజినీరింగ్ సీటు వదులుకుని గణితం చదువుతానన్న పిల్లవాడి తరఫున ఇంట్లో వాదించడానికి నేను చాలాసార్లు ఈ అంకెనే వాడాను.

ఇక ఆ 15.40 సంగతి.

వాడికి నేనిచ్చిన మాట ప్రకారం, ఆరో సెమిస్టర్‌లో సంఖ్యాత్మక విశ్లేషణ మొదటి పాఠం ఆ ఫొటోతోనే మొదలైంది. వాడు దాన్ని ఫోన్‌లో దాచుకున్నాడు. వాడు వాడిన పద్ధతిలో కంప్యూటర్ ఒక సంఖ్యను ఇరవై నాలుగు ద్విసంఖ్యా స్థానాల్లోనే దాచుకోగలదు. మొత్తం 15 దాటాక, కలపాల్సిన భిన్నం మరీ చిన్నదైపోతుంది. పట్టే జాగా లేక యంత్రం దాన్ని వదిలేస్తుంది. సరిగ్గా 20,97,152 దగ్గర, అంటే రెండును ఇరవై ఒక్కసార్లు గుణిస్తే వచ్చే సంఖ్య దగ్గర, ఇలా అవుతుంది. వాడే బోర్డు దగ్గరికొచ్చి ఇదంతా వేసి చూపించాడు. ఆగింది శ్రేణి కాదు, యంత్రం జాగా అయిపోయింది. ఇంకా ఎక్కువ స్థానాలు వాడితే మొత్తం 20 కూడా దాటుతుంది. అందుకు 27,24,00,600 పదాలు కావాలి. అది కూడా నడిపి చూశానన్నాడు.

మూడో బెంచీ అమ్మాయి అప్పుడేమీ అనలేదు. సాయంత్రం బస్టాప్‌లో నా పక్కన నిలబడి, ఊళ్లోకి వెళ్లే ఐదున్నర బస్సు వచ్చేలోగా అడిగింది. "మేడం, అన్ని సంఖ్యలూ కాకుండా ప్రధాన సంఖ్యలే తీసుకుంటే? అర, మూడో వంతు, ఐదో వంతు, ఏడో వంతు... చాలా పదాలు పోతాయి కదా. అప్పుడైనా ఆగుతుందా?"

ఆయిలర్ 1737లో తేల్చిన ప్రశ్న అది. ఆ సంగతి ఆ పిల్లకు తెలియదు. నేనూ చెప్పలేదు. "నువ్వేమనుకుంటున్నావు?" అన్నాను. బస్సొచ్చింది, ఎక్కేసింది.

రాత్రి పదకొండింటికి ఫోనుకు రెండు పేజీల ఫొటోలు వచ్చాయి. ఆగుతుందని రుజువు చేయబోయింది. మూడు, మూడు పదాలుగా గుంపులు కట్టింది, ఒరెమ్ పద్ధతిని తిరగేసి వాడింది. ఏడో లైను దగ్గర వాదన తెగిపోయింది. ఆ లైను చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి, పక్కన తెలుగులో రాసింది: ఇక్కడ నేను అనుకున్నది ఎందుకు నిజమో చెప్పలేకపోతున్నాను.